సిమెంటు హాలు, 24 మ్యాట్లు, 32 మంది పిల్లలు: జూడోలో పడటం ఎలా మొదలుపెట్టాలి?

జెడ్పీ_పీఈటీ అడిగినది:

అందరికీ నమస్తే. మాది జిల్లా పరిషత్ హైస్కూలు. ఈ ఏడాది బడికి జూడో మ్యాట్లు వచ్చాయి. ఒక్కోటి 2 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు, 4 సెంటీమీటర్ల మందం, మొత్తం 24. హాలు 10 × 8 మీటర్లు, సిమెంటు నేల, ఒకవైపు స్టేజీ. 6 నుంచి 9వ తరగతి వరకు 32 మంది పేర్లిచ్చారు, వాళ్లలో 13 మంది అమ్మాయిలు. వారానికి మూడు సాయంత్రాలు, గంట చొప్పున. సగం మంది కబడ్డీ ఆడే పిల్లలే.

నా సందేహాలు ఇవి. బ్రేక్‌ఫాల్, అంటే దెబ్బ తగలకుండా పడటం, ఏ వరసలో, ఎన్నాళ్లు నేర్పాలి? మొదటి త్రో, అంటే ఎదుటివాణ్ణి విసిరే పద్ధతి, ఏది? ఓసోతో గారి (ఎదుటివాడి కాలిని వెనక నుంచి కొట్టి వెనక్కి పడేసే త్రో) తేలిక, దాంతోనే మొదలుపెట్టమని కొందరంటున్నారు. ఎనిమిది వారాల్లో అండర్-14 సెలక్షన్స్ ఉన్నాయి, పిల్లల్ని పంపమని హెడ్‌మాస్టర్ గారు పట్టుబడుతున్నారు, అది అయ్యే పనేనా? ఇంకోటి, మ్యాట్లు పావుగంటకే జరిగిపోయి మధ్యలో సందులు పడుతున్నాయి.

తాతామి_తెలుగు:

సార్, ముందు సందుల సంగతి తేల్చుకుని తర్వాత పిల్లల్ని ఎక్కించండి. సందులో కాలి వేలు ఇరుక్కుని ఒళ్లు తిరిగితే చిటికెన వేలో మడమో పోతుంది. చుట్టూ చెక్క చట్రం కొట్టించండి. చెక్క ఎత్తు మ్యాట్‌తో సమానంగా 4 సెంటీమీటర్లే ఉండాలి, పైకి లేస్తే అదే ఇంకో ప్రమాదం. మూలల్లో బోల్టు తలలు చెక్కలోకి దిగిపోవాలి. సిమెంటు మీద సన్నటి దుమ్ము ఉంటే ఎంత చట్రం వేసినా మ్యాట్ జారుతుంది కాబట్టి పరిచే ముందు తడిగుడ్డ పెట్టి, పూర్తిగా ఆరనిచ్చి పరవండి. క్లాసుకు ముందు మీరే చెప్పుల్లేకుండా ప్రతి అతుకు మీదా మడమ ఈడ్చుకుంటూ ఒకసారి నడవండి. రెండు నిమిషాల పని.

మ్యాట్ గట్టిదనం కూడా చూసుకోండి. పెద్దవాళ్లు ఒకరు మోకాలు ఆనించి బరువంతా వేసినప్పుడు కింద సిమెంటు తగిలితే అది త్రోలకు పనికిరాదు. కరాటే, తైక్వాండోకు వాడే 2 సెంటీమీటర్ల జిగ్సా మ్యాట్లు ఇలాగే ఉంటాయి, వాటి మీద ఎవరినీ విసరకండి.

ఇప్పుడు లెక్క. 24 మ్యాట్లు పరిస్తే 8 × 6 మీటర్లు. హాల్లో చుట్టూ మీటరు ఖాళీ మిగులుతుంది. మ్యాట్ అంచు నుంచి లోపలికి ఒక మీటరు త్రోలు లేని పట్టీ అనుకోండి. రంగు టేపు అంటించేస్తే పిల్లలకు చెప్పే పని ఉండదు. అప్పుడు పడే ఒంటికీ గోడకూ కనీసం 2 మీటర్లు దొరుకుతుంది. స్టేజీ అంచుకు మాత్రం పాత పరుపు నిలబెట్టి కట్టండి. లోపల మిగిలింది 6 × 4. త్రో చేసే ఒక జతకు 3 × 2 మీటర్లు కావాలి, అంటే ఒకేసారి నాలుగు జతలు, ఎనిమిది మంది. అంతకు మించితే పడ్డవాడి మొహం మీద పక్కవాడి మడమ పడుతుంది. అందరూ ఒకే దిక్కుకు విసరాలి, ఈల వేసినప్పుడే విసరాలి.

అందుకే 32 మందిని ఒక్కసారి పెట్టకండి. పదహారేసి మంది రెండు బ్యాచ్‌లు, అరగంట చొప్పున. రెండో బ్యాచ్ బయట తాడాట, పరుగు, కప్పగంతులు. పడటం నేర్పేటప్పుడు మ్యాట్లు నాలుగేసి చొప్పున ఆరు వరసలుగా వస్తాయి కదా. ఒకటి, మూడు, ఐదు వరసల్లో మ్యాట్‌కొకరు, పన్నెండు మంది. మిగతా నలుగురు ‘గడ్డం కాపలా’: ఒక్కొక్కరు ముగ్గుర్ని చూస్తూ ఎవరి గడ్డం పైకి లేచిందో వేలెత్తి చూపాలి. పక్కవాడి తప్పు పట్టడంలో పిల్లలకున్న ఉత్సాహం దేనిలోనూ ఉండదు, దాన్ని వాడుకోండి.

పడే వరస ఇది:

వెనక్కి పడటం, అంటే ఉషిరో ఉకెమి. మొదటి రోజు నిలబెట్టవద్దు. వెల్లకిలా పడుకోబెట్టి, తల ఎత్తి బెల్టు ముడి చూడమనండి. గడ్డానికీ ఛాతీకీ మధ్య మడిచిన చేతిరుమాలు పెట్టండి. చేతులు గుండెల మీద అడ్డంగా వేసుకుని, అక్కణ్ణుంచి రెండు పక్కలా ఒక్కసారి మ్యాట్‌ను కొట్టాలి. అరచేయి కిందికి ఉండాలి, చంక నుంచి వేళ్ల కొసదాకా చేయంతా ఒకేసారి తగలాలి, ఒంటికీ చేతికీ మధ్య 30 నుంచి 45 డిగ్రీలు. భుజం ఎత్తుకు పోతే భుజం లాగేస్తుంది, ఒంటికి మరీ అంటితే నడుము కింద చేయి పడుతుంది. ఇరవై సార్లు కొట్టినా రుమాలు జారకపోతే తర్వాతి మెట్టు: కాళ్లు చాపి కూర్చుని వెనక్కి దొర్లడం. ఆ తర్వాత గొంతుక్కూర్చుని, ఆ తర్వాతే నిలబడి. గొంతుక్కూర్చున్నప్పుడు పిరుదులు మడమల పక్కనే నేలను తాకాలి. దూరంగా కూలబడితే వెన్నుపూస చివర తగిలి కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి, మర్నాడు ఆ పిల్లాడు రాడు.

చప్పుడు గురించి ఒక మాట. చాలా చోట్ల ‘ఢాం’ మని మోగితే భేష్ అంటారు. మోత కోసం కొట్టే పిల్లాడు తల మర్చిపోతాడు. చేయి ముందే తగిలితే బరువంతా దాని మీద పడుతుంది, ఆలస్యమైతే కొట్టీ లాభం లేదు. వీపు, చేయి కలిసి తగలాలి. ఈ రెంటికన్నా ముందు గడ్డం.

పక్కకు పడటం, యోకో ఉకెమి. త్రోల్లో ఎక్కువగా పనికొచ్చేది ఇదే, సగం సమయం దీనికే ఇవ్వండి. ఇక్కడ చూడాల్సింది కాళ్లు. పడ్డాక రెండు కాళ్ల మధ్య ఒక భుజం వెడల్పు ఎడం ఉండాలి. కింది కాలు పక్కకు పూర్తిగా ఆనాలి, పై కాలు మడిచి పాదం నేలకు ఆనాలి. కాలు మీద కాలు పడితే మడమ ఎముకలు కొట్టుకుంటాయి, మగపిల్లలకైతే ఇంకోటీ నలుగుతుంది.

ముందుకు దొర్లడంలో అందరూ చేసే తప్పు స్కూల్ డ్రిల్లులో వేసే పిల్లిమొగ్గ వేయడం. అది మెడ మీదుగా పోతుంది. జూడో దొర్లుడు చిటికెనవేలి అంచు, ముంజేయి, మోచేయి బయటివైపు, భుజం వెనక, అక్కణ్ణుంచి ఐమూలగా ఎదుటివైపు తుంటి దాకా. తల నేలకు తగలదు. నోటితో చెబితే ఎక్కదు. చాక్‌పీస్ పొడి మ్యాట్ మీద పలచగా చల్లి, ముదురు రంగు టీషర్టుతో ఒకసారి దొర్లమనండి. వీపు మీద తెల్లచార కుడి భుజం నుంచి ఎడమ నడుముకు ఐమూలగా వస్తే సరే. నిట్టనిలువుగా వస్తే వెన్నుపూస మీద దొర్లాడు, భుజం కొసన పెద్ద మచ్చ ఒక్కటే ఉంటే రేపో ఎల్లుండో కాలర్ బోన్ విరుగుతుంది. అయ్యాక పొడి తుడిచేయండి, జారుతుంది. మొదట మోకాలి మీద నుంచే దొర్లించండి.

బోర్లా పడటం కూడా మోకాళ్ల మీద నుంచే. అరచేతులు, ముంజేతులు ఒకేసారి ఆనాలి, మొహం పక్కకు తిప్పాలి, మోచేయి కొస ముందు తగలకూడదు. ఇంతకన్నా దానికి ఎక్కువ సమయం అక్కర్లేదు.

ఎర్రమట్టి_గోదా:

పై సార్ చెప్పినదానికి కబడ్డీ సంగతి కలపాలి. రైడర్‌కు మనం ఏం నేర్పుతాం? పట్టుకుని పడేస్తుంటే గీత వైపు చేయి చాపమని. ఆ పిల్లాడి ఒంట్లో అదే ఇంకిపోయి ఉంటుంది. జూడోలో పడుతూ చేయి చాపితే ఒంటి బరువు, మీద పడేవాడి బరువు కలిసి మణికట్టు మీదో మోచేతి మీదో దిగుతుంది. పిల్లల్లో మోచేతి పైన ఎముక విరగడం, మోచేయి తప్పడం ఇలాగే జరుగుతాయి. కబడ్డీ పిల్లల్ని విడిగా గుర్తుపెట్టుకోండి. వాళ్లకు పక్కకు పడటం నేర్పేటప్పుడు నేలను కొట్టని రెండో చేతిలో సొంత బెల్టు కొస పట్టించండి. ఏదో ఒకటి పట్టుకుని ఉంటే ఆ చేయి గీత కోసం పోదు.

రెండోది కాలు పట్టు. చీలమండ పట్టుకోవడం వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. ఇప్పటి జూడో నిబంధనల్లో నిలబడి ఆడేటప్పుడు బెల్టు కింద చేయి వేస్తే పెనాల్టీ. సెలక్షన్స్‌కు పంపేనాటికి ఆ అలవాటు పోకపోతే బౌట్ మొదటి నిమిషంలోనే షిదో, అంటే చిన్న పెనాల్టీ, పడుతుంది.

లాంగ్‌జంప్ ఇసుక గుంటలో పడటం నేర్పుదామనే ఆలోచన వస్తే వద్దు. చేయి దిగబడుతుంది, మోకాలు మెలితిరుగుతుంది, కళ్లలో ఇసుక. దూది పరుపులూ అంతే, ఉండలు కట్టిన చోట చీలమండ మడతపడుతుంది. హైజంప్ ఫోమ్ బెడ్ ఉంటే మాత్రం అది బంగారం. మొదటి పదిహేను రోజుల త్రోలు దాని మీదకే వేయించండి. పాత కుస్తీ గోదాల్లో మట్టి తవ్వి, నూనె, మజ్జిగ, పసుపు కలిపి మెత్తగా ఉంచేవారు. కొత్తవాడి భయం సగం ఆ మెత్తదనమే తీసేసేది.

అసలు విషయం: పడటం పడేవాడొక్కడి పని కాదు. సగం విసిరేవాడి చేతిలో ఉంటుంది. కుడివైపు ఓ గోషి (తుంటి మీదుగా విసిరే త్రో) తీసుకోండి. విసిరేవాడి ఎడమచేతిలో ఎదుటివాడి కుడి స్లీవ్ ఉంటుంది. పడేవాడు ఎడమ పక్కకు పడి ఎడమచేత్తో మ్యాట్ కొడతాడు. ఆ చివరి క్షణంలో విసిరేవాడు స్లీవ్‌ను తన తుంటి దగ్గరికి పైకి లాగి పట్టుకుంటే, పడేవాడి పైభాగం కాస్త తేలి తల నేలకు దూరంగా ఉంటుంది. వదిలేస్తే తల, భుజం ముందు దిగుతాయి. పిల్లలు వదిలేసేది రెండు కారణాలకు: ఒకటి బరువు ఆపలేక, రెండు సంబరంతో చేతులెత్తేసి. మొదటిదానికి మందు జత కుదర్చడం, బరువు తేడా పది శాతం దాటనివ్వకండి. రెండోదానికి ఒకే నియమం: విసిరాక స్లీవ్ పట్టుకుని మూడు లెక్కపెట్టేదాకా నిలబడితేనే త్రో లెక్కలోకి వస్తుంది. మీద పడిపోతే సున్నా.

మొదటి త్రోగా నేనైతే హిజా గురుమా (మోకాలికి పాదం అడ్డుపెట్టి తిప్పి పడేసేది) లేదా ఓ గోషి అంటాను. అదీ పడేవాణ్ణి మోకాలి మీద ఉంచి మొదలుపెట్టాలి. సెయోయి నాగే (వీపు మీదుగా విసిరే త్రో) ఆశపడి రెండు మోకాళ్ల మీద ధబ్బున కూలబడి విసిరేవాళ్లుంటారు, ఎదిగే మోకాళ్లకు అది చేటు, మొదట్లోనే మాన్పించండి.

ఫిజియో_వరంగల్:

ఓసోతో గారితో మొదలుపెట్టమన్న సలహా పక్కన పెట్టండి. చేయడానికి తేలికే, పడటానికి కాదు. పడేవాడు నేరుగా వెనక్కి, రెండు కాళ్లూ గాలిలోకి లేచి, నేల చూడకుండా పడతాడు. కొత్తవాడు భయంతో పైకప్పు చూస్తాడు, గడ్డం లేస్తుంది, కర్ర కొసలా తల అన్నిటికన్నా వేగంగా దిగుతుంది.

జపాన్‌లో 1983 నుంచి ముప్పై ఏళ్లలో బడి జూడోలో వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. 2012లో అక్కడి మిడిల్ స్కూళ్లలో యుద్ధకళల్ని తప్పనిసరి పాఠం చేసినప్పుడు ఈ లెక్కల మీదే పెద్ద చర్చ నడిచింది. ఎక్కువ మరణాలకు కారణం తలదెబ్బ, ఎక్కువగా బలైంది కొత్తగా చేరిన మొదటి ఏడాది పిల్లలు, మాటిమాటికీ కనబడిన త్రో ఓసోతో గారి. జూడో పుట్టిన దేశంలో, బెల్టులున్న టీచర్ల కళ్లముందు జరిగినవి ఇవి.

మెదడు నుంచి పుర్రె లోపలి పొరకు వెళ్లే సన్నటి సిరలు ఉంటాయి. తల ఒక్కసారి గిర్రున ఊగి ఆగితే అవి తెగి లోపల నెత్తురు చేరుతుంది. తల నేలకు తగలకపోయినా అది జరగొచ్చు. అందుకే ‘మ్యాట్ మెత్తగానే ఉంది, తగల్లేదు’ అన్నది ధైర్యం కాదు. మెడ కండ బలంగా ఉంటే ఊపు తగ్గుతుంది. రోజూ వెల్లకిలా పడుకుని తల రెండంగుళాలు ఎత్తి పది సెకన్లు ఆపడం, ఐదుసార్లు చేయించండి.

తలకు దెబ్బ తగిలినా, తల ఊగి దిమ్ముగా ఉందన్నా ఆ పిల్లాడికి ఆ రోజు ఆట బంద్. ‘బానే ఉన్నా సార్’ అంటే నమ్మకండి. ఒంటరిగా ఇంటికి పంపకండి, అమ్మానాన్నలకు ఫోన్ చేసి చెప్పండి. తలనొప్పి పెరగడం, వాంతి, మగత, అడిగిందే అడగడం, నడక తూలడం, ఒక కంటి పాప పెద్దదవడం, వీటిలో ఏది కనబడినా 108కి ఫోన్ చేయండి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమనండి. తేలికైన దెబ్బయినా ఒకటి రెండు రోజులు విశ్రాంతి, తర్వాత బడి, తర్వాత నడక, పరుగు. మ్యాట్ మీద ఇంకొకరితో తలపడటం డాక్టరు సరేనన్నాకే. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే చాలా ప్రమాదం.

బ్రౌన్_బెల్ట్_బెజవాడ:

ఓసోతో మీద ఇంత భయం అక్కర్లేదనుకుంటా. జూడో మూల సంస్థ కొడోకన్ వారి త్రోల జాబితా గోక్యోలో అది మొదటి వర్గంలోనే ఉంది, డే ఆషి హరాయి (అడుగు వేసే కాలిని ఊడ్చే త్రో), ఓ గోషిల సరసన. గ్రేడింగ్‌లో అడుగుతారు. పోటీలో అవతలివాడు ఎలాగూ వేస్తాడు. పడటం నేర్పకుండా దాచిపెడితే అక్కడ తెలియకుండా పడతాడు, అది ఇంకా ఘోరం.

ఫిజియో_వరంగల్:

దాచమనలేదండి, చివర పెట్టమంటున్నాను. మెట్లు ఇలా: ముందు పడేవాడు ఒక మోకాలి మీద కూర్చుంటే విసిరేవాడు పక్కన నిలబడి వెనక్కి దించడం. తర్వాత నిలబడి, కాలు కొట్టకుండా కాలి వెనక కాలు పెట్టి మెల్లగా దించడం. తర్వాత కొట్టడం, కానీ ఫోమ్ బెడ్ మీదకు. చివరికి మ్యాట్ మీద, స్లీవ్ వదలకుండా. ఒక్కో మెట్టు ఒక్కో వారం. ర్యాండోరిలో, అంటే ఇద్దరూ స్వేచ్ఛగా తలపడే సాధనలో, మొదటి ఏడాది దాన్ని నిషేధించినా నష్టం లేదు.

చాప_పక్క_రెఫరీ:

ఎనిమిది వారాల సంగతి. వారానికి మూడు, బ్యాచ్‌కు అరగంట అంటే 24 క్లాసులు, మొత్తం 12 గంటలు. అందులో నిలబడి పూర్తి బౌట్ ఆడే స్థాయి రాదు. పన్నెండు క్లాసులు పడటానికీ నేల పట్లకూ పోతాయి, తర్వాత పన్నెండు మోకాలి త్రోలకూ ఓ గోషికీ. నిలబడి ర్యాండోరి నాలుగో నెల తర్వాతే. హెడ్‌మాస్టర్ గారికి ‘ఈ ఏడాది చూడ్డానికి తీసుకెళ్తాను, వచ్చే ఏడాది ఆడిస్తాను’ అని చెప్పండి. పిల్లలకు నిరుత్సాహం అనిపిస్తే మొదటి నెల నుంచే నేల మీద పోటీలు పెట్టండి. ఇద్దరూ వీపు వీపు ఆనించి కూర్చుని, ఈల వేయగానే తిరిగి ఒకరినొకరు వెల్లకిలా పట్టడం. కేసా గతామే, యోకో షిహో గతామే రెండు పట్లు చాలు. కుస్తీలాగే ఉంటుంది, పడే భయం ఉండదు, పాయింట్ల లెక్కా అలవాటవుతుంది: 20 సెకన్లు పట్టి ఉంచితే ఇప్పోన్ (పూర్తి పాయింటు, బౌట్ గెలిచినట్టే), 10 దాటితే వజా ఆరి (సగం పాయింటు). 2025 నుంచి యుకో (అంతకన్నా చిన్న పాయింటు) తిరిగి వచ్చింది, దానికి 5 సెకన్లు చాలు. ఈ వయసులో మెడ నొక్కే పట్లు, మోచేయి విరిచే పట్లు మాత్రం తాకనివ్వకండి.

పోటీకి పోయేనాటికి పిల్లలకు చెప్పాల్సినవి రెండే ఉన్నాయి. ఒకటి, ఇప్పోన్ తప్పించుకోవడానికి తల నేలకు ఆనించి విల్లులా వంగితే తప్పించుకున్నట్టు కాదు. అలా బ్రిడ్జి మీద దిగితే ఇప్పోన్ గానే ఇస్తారు, మెడ పోయే ప్రమాదం అదనం. తల ముందు పెట్టి దూకి త్రో వేస్తే నేరుగా హన్సోకు మాకే, అంటే అనర్హత. రెండు, పడుతున్నామని తెలిసిపోయాక చేయి అడ్డం పెట్టకుండా పడిపోవడం. ఒక పాయింటు కోసం మోచేయి పోగొట్టుకునే పిల్లలు ప్రతి పోటీలోనూ కనిపిస్తారు, ఎక్కువగా పక్కనుంచి ‘పడకు, పడకు’ అని కోచ్ అరుస్తుంటే.

గి, అంటే జూడో దుస్తులు, కొనేటప్పుడు ఒక సైజు పెద్దది తీసుకోండి, నూలు కదా, రెండు ఉతుకులకు కుంచించుకుపోతుంది. చన్నీళ్లలోనే ఉతకాలి. స్లీవ్ మణికట్టు దాకా రావాలి. అమ్మాయిలకు లోపల తెల్ల టీషర్టు, జడకు ఇనప క్లిప్పులు వద్దు, రబ్బరు బ్యాండు చాలు. గాజులు, కాళ్ల పట్టీలు, మొలతాడుకున్న తాయెత్తులు తీయించండి, గోళ్లు క్లాసుకు ముందే చూడండి.

జెడ్పీ_పీఈటీ:

చాలా థ్యాంక్సండి. చట్రం పని రేపే వడ్రంగికి చెబుతున్నాను. ఒకటే మిగిలింది. ఇద్దరు పిల్లలకు అప్పుడే మెడ మీద తామర కనిపించింది. మ్యాట్లు ఫినాయిల్‌తో తుడిస్తే సరిపోతుందా?

తాతామి_తెలుగు:

ఫినాయిల్ వద్దు సార్, జిగురుగా మిగిలి పాదాలు జారతాయి, వాసన మొహానికి కొడుతుంది. 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం దొరుకుతుంది, 10 లీటర్ల నీళ్లకు 200 మిల్లీలీటర్లు కలపండి. ముందు మామూలు సబ్బునీళ్లతో మురికి తుడవాలి, మురికి మీద పోస్తే మందు పనిచేయదు. ఆ తర్వాత ఇది తడిపి పది నిమిషాలు ఉంచి, మంచినీళ్ల గుడ్డతో తుడిచేయండి, లేకపోతే రెక్సిన్ పగుళ్లిస్తుంది. కిటికీలు తెరిచి, చేతికి గ్లవ్స్ వేసుకుని చేయాలి. ఏ రోజు కలిపింది ఆ రోజే వాడాలి, నిల్వ ఉంటే పస తగ్గుతుంది. క్లాసు ఉన్న ప్రతిరోజూ చేయాలి, మ్యాట్లు ఆరాకే ఒకదాని మీద ఒకటి పేర్చాలి.

ఆ ఇద్దర్నీ చర్మం డాక్టరుకు చూపించి, మచ్చ మానేదాకా మ్యాట్ ఎక్కనివ్వకండి. గడ్డం కాపలా పని వాళ్లకు ఇవ్వండి. మెడికల్ షాపులో స్టెరాయిడ్ కలిసిన ట్యూబు ఇచ్చేస్తారు, రెండు రోజులు తగ్గినట్టే ఉండి ఇంకా పాకుతుంది, అది కొనొద్దని ఇంట్లోవాళ్లకు గట్టిగా చెప్పండి. మ్యాట్ దాకా చెప్పులతో వచ్చి, అంచున విప్పి ఎక్కాలి, బాత్రూముకు వట్టికాళ్లతో పోకూడదు. చట్రం పక్కన చెప్పులు వరసగా పెట్టడానికి ఒక బద్ద కూడా వడ్రంగితోనే కొట్టించేయండి.